మా అంబాసిడర్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను

నాన్న పాత పెట్రోల్ అంబాసిడర్ నార్కట్‌పల్లి దాటగానే దగ్గేది. ప్రతిసారీ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి, లోపల కాయిల్ కరెంటును ఆపి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్, అంటే మాడిన పాయింట్లను గీకి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) 0.4 మి.మీ. గ్యాప్ పెట్టడం, రెండు నెలలకు మళ్లీ అదే టెన్షన్. డిస్ట్రిబ్యూటర్ మొత్తం కొత్తది కొందామనుకున్నా. నల్లగొండలో మా మెకానిక్ అన్న రోటర్ తీసి, షాఫ్ట్‌ను వేళ్లతో అటూ ఇటూ కదిలించి చూసి, "ఇది ఊగుతలేదు తమ్మీ, పాయింట్ల జాగల సెన్సర్ కిట్ పెడితే చాలు" అన్నాడు. ఊగితే మాత్రం మొత్తం మార్చాల్సిందే, అప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ లోడును బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపేది) ఉన్నదే తీసుకోండి, లేనిది పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. బ్యాటరీలో ఏ కొస బాడీకి ఎర్త్ అయిందో ముందే చూసుకోవాలి, వైర్లు తిరగేస్తే కిట్‌లోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోవచ్చు. స్పార్క్‌కు హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్ మీటర్‌లో 3 ఓమ్స్ చూపించింది, కిట్‌కు సరిపోయింది. టైమింగ్ లైట్‌తో స్పార్క్ పడే సమయం మళ్లీ సెట్ చేశాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పాత పాయింట్లు, కండెన్సర్ డిక్కీలోనే ఉంచా, మాడ్యూల్ పోతే రోడ్డు మీద గీకి బాగుచేసేది కాదు కదా.