ఏఐతో తరగతి పని - 4వ పాఠం: భిన్నాల బిట్ పేపర్

ఈ పాఠం బిట్ పేపర్ గురించి. కానీ ముందు మూడో పాఠం బాకీ తీర్చాలి. అందులో చెప్పినట్టు అభ్యాసం పేజీ ఫొటో పెట్టి ఏఐని జవాబుల కీ తీయమంటే, చాలామందికి మిశ్రమ భిన్నాల దగ్గరే బెడిసికొట్టింది.

పుస్తకంలో 2 పక్కన చిన్న అక్షరాల్లో 1/2 ఉంటుంది. ఫొటో చదివేటప్పుడో, కాపీ చేసి అతికించేటప్పుడో మధ్య ఖాళీ ఎగిరిపోయి 21/2 అవుతుంది. రెండున్నరకు ఒకటింబావు కలపమంటే 21/2 + 11/4 వేసుకుని 53/4 ఇస్తుంది. మూడుముప్పావు రావాల్సిన చోట పదమూడుంబావు! మెట్లన్నీ, క.సా.గు.తో సహా, చక్కగా ఉంటాయి. అందుకే తప్పు కంటికి ఆనదు.

పనిని రెండు విడతలు చేయండి. మొదట ఇలా అడగండి: "ఈ పేజీలోని లెక్కలను ఉన్నవి ఉన్నట్టు రాయి. సాధించవద్దు. మిశ్రమ భిన్నమైతే పూర్ణ భాగం 2, భిన్న భాగం 1/2 అని విడదీసి రాయి." దాన్ని పుస్తకంతో పోల్చుకున్నాకే సాధించమనండి.

ఇంకో సంగతి. కీ వచ్చాక అదే చాట్‌లో "ఒకసారి సరిచూడు" అని అడగకండి. దయచేసి అడగకండి. తాను రాసిన జవాబు దాని కళ్లముందే ఉంటుంది కాబట్టి దాన్నే సమర్థించుకుంటూ పోతుంది. "తప్పేమో" అన్నారా, ఒక్కోసారి ఒప్పును కూడా మార్చేసి క్షమాపణ చెబుతుంది. రెండూ సరిచూడటం కిందికి రావు. కొత్త చాట్ తెరిచి, కీ లేకుండా ప్రశ్నలు మాత్రమే ఇచ్చి సాధించమనండి. రెండు కీలూ ఎక్కడ కలవవో అక్కడ ఒకటైనా తప్పే. కలిసినంత మాత్రాన ఒప్పనీ కాదు: 21/2 అని లోపలికి పోయాక ఎన్ని చాట్‌లు తెరిచినా 53/4 అనే వస్తుంది. పది బిట్లే కదా, కాగితం మీద మీరూ చేయండి.

ఇక బిట్లు. "భిన్నాల మీద 10 బిట్లు" అంటే తప్పు జవాబులు ఏవో అంకెలు పడేస్తుంది, పిల్లలు చూడగానే కొట్టేస్తారు. తప్పు జవాబు పిల్లల పొరపాటులోంచి పుట్టాలి. 1/2 + 1/3 తీసుకోండి. జవాబు 5/6. లవాలకు లవాలు, హారాలకు హారాలు కలిపేస్తే 2/5. హారం 6 చేసి లవాలు మార్చడం మరిచిపోతే 2/6. కూడికను గుణకారం చేసేస్తే 1/6. ఎవరు ఏది గుర్తించారో చూస్తే, రేపు ఎవరికి ఏం మళ్లీ చెప్పాలో తెలిసిపోతుంది.

కాబట్టి ఈ మూడు పొరపాట్లనూ మీరే రాసిచ్చి, ఇది జతచేయండి: "ప్రతి తప్పు జవాబు పక్కన అది ఏ పొరపాటు వల్ల వస్తుందో రాయి. లవం, హారం, క.సా.గు. అనే మాటలే వాడు." లేకపోతే హారం బదులు విభాజకం అనో, న్యూమరేటర్ అనో రాస్తుంది. ఒప్పు జవాబు అ, ఆ, ఇ, ఈలలో ఎక్కడ ఉండాలో నేనైతే దానికి వదలను. ఆ వరస ముందే రాసిస్తాను, లేకపోతే రెండు మూడు స్థానాల్లోనే గుమిగూడుతుంది. పిల్లల పేర్లు, మార్కులు చాట్‌లో పెట్టవద్దని వేరే చెప్పక్కర్లేదు.

అభ్యాసం: తీసివేతల మీద 12 బిట్లు చేయించండి. 3/4 - 1/6 తప్పక ఉండాలి. జవాబు 7/12. పైవి పైవాటిలోంచి, కిందివి కిందివాటిలోంచి తీసేసే పొరపాటుకు అది 2/-2 అని రాసిందా, కొట్టేయండి. ఆరో తరగతి పిల్లవాడు 4లోంచి 6 పోదని తిరగేసి తీసి 2/2 అంటాడు. మొత్తం 36 తప్పు జవాబుల్నీ, పక్కన రాసిన పొరపాటు ప్రకారం, మీరే చేసి చూడండి. రాకపోతే ఆ బిట్ తీసేయండి.