ఆరోగ్యం గురించి రాయడం – 4వ పాఠం: సదస్సు నుంచి తెచ్చుకున్న సంచి

పోయిన పాఠంలో మీ ఇంట్లో ఒక రోజు వండినవన్నీ కొలతలతో రాయమన్నాను కదా. చాలామంది కూరగాయల దాకా చక్కగా రాసి, ఉప్పూ నూనె దగ్గరికొచ్చేసరికి "తగినంత" అని వదిలేశారు. అసలు కొలత కావాల్సింది ఆ రెండింటికే. నూనెకి ఒక తేలిక దారి ఉంది: నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నారో చూసి, ఇంట్లో మనుషులతో, 30 రోజులతో భాగించండి. నలుగురున్న ఇంట్లో 5 లీటర్లు అయిపోతే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్లు దాటినట్టే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తానికి 2000 కేలరీల పళ్ళేనికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములే చూపించారు. ఈ లెక్క పక్కన పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక ఈ పాఠం. ఆరోగ్యంగా బతకడం గురించి రాసేవాళ్ళు, వీడియోలు చేసేవాళ్ళు కలిసిన రెండు రోజుల సదస్సుకి హైదరాబాద్ వెళ్ళొచ్చాను. వేదిక మీద ప్రసంగాలు బాగానే ఉన్నాయి. కానీ నాకు పనికొచ్చినవి రెండే: మొదటి రోజు మధ్యాహ్నం పదిమంది గుండ్రంగా కూర్చుని ఎవరి రాత వాళ్ళు చదివి వినిపించిన గంటన్నర, చివర్లో చేతికిచ్చిన బహుమతి సంచి.

నా వంతు వచ్చినప్పుడు, ఉప్పు మీద రాసిన పేరా చదివాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "బీపీ ఉన్నవాళ్ళు మామూలు ఉప్పు మానేసి, తక్కువ సోడియం ఉప్పుకి మారితే చాలు, ధైర్యంగా వాడచ్చు." నా పక్కన కూర్చున్నావిడ కిడ్నీ డాక్టర్. "సోడియం తగ్గించి అందులో ఏం కలుపుతారో చూశారా అమ్మా?" అని అడిగారు. నేను చూడలేదు. మామూలుగా కలిపేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీలు సరిగ్గా పనిచేయనివాళ్ళకి పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. "మీరు రాసింది బీపీ ఉన్నవాళ్ళకి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళల్లో ఎక్కువమంది వాళ్ళే కదా" అన్నారావిడ, చాలా మెల్లగా. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను రాసే ప్రతి ముక్కా చదివే మా పెద్దమ్మకి కిడ్నీ సమస్య ఉంది. ఆ రాత్రి ఫోన్ చేస్తే, "ఆ ఉప్పు ప్యాకెట్ తెప్పించానే, ఇప్పుడున్నది అయిపోయాక విప్పుదామనుకున్నా" అంది.

అందుకే ఈ పాఠంలో మొదటి అభ్యాసం ఇదే. మీరు రాసినదాంట్లో "వాడండి", "మానేయండి", "తగ్గుతుంది" అనే మాటలు ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గీత గీయండి. ప్రతి గీత దగ్గరా ఆగి, ఇది ఎవరికి, ఎంత, ఎవరికి పనికిరాదు అని అడగండి. మూడింటికీ జవాబు మీ దగ్గర లేకపోతే ఆ వాక్యం రాసే హక్కు మీకింకా రాలేదు, నాకూ రాలేదు. నా వాక్యాన్ని తిరగరాస్తే ఇలా అయింది: "తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నా, బీపీకి మాత్రలు వాడుతున్నా డాక్టర్ని అడగకుండా మార్చకండి. ఏ ఉప్పైనా రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్‌కి మించకుండా ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట." పాత వాక్యంలో ఉన్న ఊపు దీనికి లేదు, నిజమే. అయినా ఇదే ఉండాలి. అన్నట్టు సైంధవ లవణం కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే, దాన్ని బీపీ మందులా రాయకండి.

ఇప్పుడు సంచి సంగతి. అందులో ఒక రాగి బిస్కెట్ల ప్యాకెట్ ఉంది, 75 గ్రాములది. ముందువైపు పెద్ద రాగి కంకి బొమ్మ, "కాల్షియం నిండిన రాగి" అన్న మాట. తిరగేసి చూస్తే మైదా 46 శాతం, పంచదార, పామాయిల్, ఆ తర్వాత రాగి పిండి 9 శాతం. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాలని బరువులో ఎక్కువున్నదాన్నుంచి తక్కువున్నదాని దాకా వరుసలో రాయాలన్నది నియమం. కాబట్టి ఆ వరుసే మీకు మొదటి ఆధారం, రాగి నాలుగోది.

కాగితం పెన్ను తీసుకోండి, కలిసి లెక్క కడదాం. 75 గ్రాముల్లో 9 శాతం అంటే రాగి పిండి 7 గ్రాములు కూడా లేదు. పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకి ప్రచురించిన పట్టికల్లో, 100 గ్రాముల రాగిలో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. అంటే ప్యాకెట్ మొత్తం తిన్నా రాగి వల్ల వచ్చేది దాదాపు 25 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలు, 200 మిల్లీలీటర్లు, 230 పైనే ఇస్తాయి. అదే ప్యాకెట్లో పంచదార 100 గ్రాములకి 24 గ్రాములని ఉంది, అంటే ప్యాకెట్‌కి 18, దాదాపు నాలుగు చెంచాలు. సోడియం 380 మిల్లీగ్రాములు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, కాబట్టి 100 గ్రాములకి దాదాపు ఒక గ్రాము. ఒక జాగ్రత్త: కొన్ని ప్యాకెట్లలో అంకెలు 100 గ్రాములకి కాకుండా "ఒక సర్వింగ్"కి పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఆ సర్వింగ్ రెండు మూడు బిస్కెట్లే. పిల్లలు రెండు తిని ఆపుతారా? ఎప్పుడూ 100 గ్రాముల వరుసే చూడండి.

ఈ బిస్కెట్లు విషమని నేననడం లేదు. రాగి బలం కోసం కొనేవాళ్ళకి ఇందులో రాగి పేరుకే ఉందని చెప్పాలి, అంతే. మన ఊళ్ళల్లో రాగి సంకటి, అంబలి ఉండగా మైదాకి ఆ పేరు పెట్టి అమ్ముతుంటే నాకు బాధేస్తుంది.

ఉచితంగా వచ్చినదాని గురించి రాసేటప్పుడు ఆ మాట మొదటి పేరాలోనే చెప్పండి, మీరు రాసే భాషలోనే, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. డబ్బు తీసుకున్నా, వస్తువు తీసుకున్నా, ప్రయాణ ఖర్చులు పెట్టించుకున్నా ఒకటే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే, దాన్ని సమర్థించినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా వేయచ్చు. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆరోగ్యం మీద చెప్పేవాళ్ళకి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది: వైద్యులైతే ఆ అర్హత చెప్పాలి, కాకపోతే తమ మాట వైద్య సలహాకి బదులు కాదని స్పష్టంగా చెప్పాలి.

ఇంటి పని: వంటగదిలోకి వెళ్ళి, "మంచిదని" కొన్న ప్యాకెట్ ఒకటి తీయండి, ఓట్స్ గానీ మల్టీగ్రెయిన్ అటుకులు గానీ ఏదైనా. ముందువైపు మాట ఒక గడిలో, వెనకవైపు మొదటి నాలుగు పదార్థాలు ఇంకో గడిలో రాయండి. పంచదార, ఉప్పు 100 గ్రాములకి లెక్క కట్టండి. తర్వాత ఆ వస్తువు గురించి ఆరు వాక్యాలు రాసి, మీ ఇంట్లో మందులు వాడే పెద్దవాళ్ళకి బయటికి చదివి వినిపించండి, వాళ్ళు మధ్యలో ఎక్కడ ప్రశ్న అడిగారో అక్కడ గుర్తు పెట్టండి. 5వ పాఠం ఆ గుర్తుల దగ్గర్నించే మొదలుపెడదాం.