స్థలం కొన్నాం గానీ ఇల్లు లేవట్లేదు: రాయగడ వైపు సమస్య – పరిష్కారం

నేను ఒడిశాలోని రాయగడలో ఇళ్లు కట్టించే కాంట్రాక్టు పని చేస్తాను. పునాది తియ్యడానికి రమ్మంటారు, తీరా వెళ్లి చూస్తే స్థలంలోనే ఏదో తిరకాసు ఉంటుంది, ఇక ఇసుక లారీ ఆపించి వాళ్లతో పాటు నేనూ తహసీల్ ఆఫీసు చుట్టూ తిరగాలి. పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ నుంచి ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చి ఇక్కడే ఒక ఇల్లు కట్టుకుని ఉండిపోదాం అనుకునే మనవాళ్లు ఏళ్లగా అవే తప్పులు చేస్తున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) ఎలా తియ్యాలి, రిజిస్ట్రేషన్ కి ఏం పట్టుకెళ్లాలి లాంటివి మీకు తెలుసనుకుని వదిలేస్తున్నా.

ఒక్కటి మాత్రం ముందే అనేస్తా, కోపం తెచ్చుకోవద్దు. భూలేఖ్ అనే ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల సైటులో పైసా ఖర్చు లేకుండా పట్టా కనిపిస్తుంది. ఖతియాన్ (ఖాతా) నంబరు, ప్లాటు నంబరు, రైతు పేరు, ఏది కొట్టినా వస్తుంది. అది తెరవకుండా లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చేసి తర్వాత నాకు ఫోన్ చేస్తారేటండీ? ఒడియా చదవడం రాదంటారు, పక్కింట్లో స్కూలుకెళ్లే పిల్లని పిలవండి, చాక్లెట్ ఇస్తే చదివి పెడుతుంది. ఇంకో చిన్న తికమక, గజపతి జిల్లాలో కూడా రాయగడ అని ఒక బ్లాకు ఉంది, జిల్లా తప్పు నొక్కి "మా ఊరు లిస్టులో లేదు, భూమి దొంగది" అని బ్రోకరుతో గొడవ పెట్టుకున్న పెద్దమనిషిని నేను చూశాను.

సమస్య: రేటు కుదిరింది, రిజిస్ట్రేషన్ మాత్రం "కొన్నాళ్లాగి చేద్దాం" అంటున్నారు, ఈలోగా అగ్రిమెంటు రాసుకుందాం అంటున్నారు

పట్టా మొదటి పేజీలో రైతు పేరు, తండ్రి పేరు, పక్కనే జాతి అని ఉంటుంది. అది చదవండి. కంధ, సవర, జాతాపు అని గానీ ఇంకే ఆదివాసీ కులం గానీ ఉంటే అక్కడితో ఆగిపోండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి కూడా అంతే. 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది, 2002లో వచ్చిన సవరణతో అది ఇంకా బిగిసింది, ఆదివాసీ భూమి ఆదివాసీకి తప్ప ఇంకెవరికీ బదిలీ అవ్వదు. పవర్ ఆఫ్ అటార్నీ, 99 ఏళ్ల లీజు, ఆదివాసీ పనిమనిషి పేరు మీద కొని మనం ఉండడం, ఇవన్నీ బ్రోకర్లు చెప్పే కబుర్లు. కేసు పడితే భూమి వెనక్కి పోతుంది, దాని మీద లేపిన గోడలకి ఎవరూ డబ్బులివ్వరు. వాళ్ల భూమి వాళ్లకే మిగలాలని పెట్టిన చట్టం అది, దొడ్డిదారి ఏదైనా ఉందా అని నన్ను అడగొద్దు.

పరిష్కారం: లేదు. వేరే స్థలం చూసుకోండి.

ఎస్సీ వాళ్ల భూమి అయితే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద అనుమతి కావాలి, అది చేతికొచ్చాకే డబ్బు మాట.

సమస్య: బ్యాంకు లోన్ ఇవ్వట్లేదు, "కిసం మార్చుకురండి" అంటున్నారు

పట్టా రెండో పేజీలో ప్లాటు నంబరు పక్కన కిసం, అంటే భూమి రకం, ఉంటుంది. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. సారద అని ఉంటే వరి పొలం. చుట్టూ పది ఇళ్లు లేచినా, కరెంటు స్తంభాలు పాతినా కాగితం మీద అది ఇంకా పొలమే. భూసంస్కరణల చట్టం 1960 నాటిది, అందులో 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారుకి అర్జీ పెట్టి రుసుము కట్టి మార్పించుకోవాలి. అమ్మేవాడి చేతే మార్పించి కొనుక్కుంటే మీకు సుఖం, లేదంటే ఆ ఖర్చు రేటులో తగ్గించమనండి. మొగమాటం పడకండి, వాడు పడట్లేదు కదా. 

పేరు సారద అయ్యాక నేల కూడా పల్లంగానే ఉంటుంది, ఆగస్టులో వాన వెలిసిన మర్నాడు ఒకసారి వెళ్లి చూసి రండి. చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సి వస్తే పునాది ఎంత ఎత్తు లేపాలో, మట్టి ఎన్ని ట్రిప్పులు తోలాలో అక్కడే లెక్క తెలిసిపోతుంది.

సమస్య: కొలిపిస్తే తగ్గింది

పదిలో ఏడుసార్లు ఇది మోసం కూడా కాదు, గుంట గోల. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, అంటే గుంటకి 4 డిసిమిల్లు, మన లెక్కలో 4 సెంట్లు, 193.6 గజాలు. తెలంగాణలో, మహారాష్ట్రలో ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలే. బ్రోకరు ఇక్కడి గుంట రేటు చెప్పి అక్కడి గుంట కొలిచి ఇస్తే మూడో వంతు పైనే పోయినట్టు. దస్తావేజులో గుంట అన్న మాటే రానివ్వకండి, డిసిమిల్లలో రాయించండి, పట్టాలో ఉండేదీ అదే, మన సెంటూ అదే, 435.6 చదరపు అడుగులు.

సమస్య: అన్నీ కరెక్టే, కానీ ప్లాన్ అప్రూవల్ రావట్లేదు, లేదా ఒకరోజు పొద్దున్న లేచేసరికి దారికి అడ్డంగా రాళ్లు పాతేశారు

రెండిటికీ మూలం ఒకటే, కంటికి కనిపించే రోడ్డు కాగితం మీద లేకపోవడం. దీని గురించే రాద్దామని కూర్చున్నా, మిగతావి దారిలో తగిలాయి.

2011లో నాకోసం నేనే 6 డిసిమిల్లు కొనుక్కున్నాను. అప్పటికే ఊళ్లోవాళ్లకి సలహాలిచ్చే స్టేజీలో ఉన్నాను నేను. జాతి చూశాను, కిసం ఘరబారి, ఈసీ క్లీన్, కొలత కరెక్టు. స్థలం ముందు 20 అడుగుల రోడ్డు, ఎర్రగా మొరం పోసి, అంచుల్లో సున్నం గీతలు కూడా వేసి ఉంది. బ్రోకరు బండి దిగకుండానే "రస్తా అఛి బాబూ, దేఖంతు" (రోడ్డు ఉంది బాబూ, చూడండి) అన్నాడు. చూశాను. ఉంది. దస్తావేజులో నాలుగు హద్దుల్లో "తూర్పు: 20 అడుగుల రస్తా" అని రాశారు, నేనే దగ్గరుండి చదివించుకుని సంతకం పెట్టాను.

రెండేళ్ల తర్వాత పునాదికి రాళ్లు దింపిస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఇది మా నాన్న వాటా, లారీ తియ్యండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. రోడ్డు మీదకొచ్చి మా నాన్నది అంటారేంట్రా అనుకున్నా. సాయంత్రం భూమి కొలిచే అమీన్‌ని తీసుకొచ్చాను, ఆయన మౌజా షీటు (ఊరి భూమి మ్యాపు) నా స్కూటర్ సీటు మీద పరిచి, గాలికి ఎగరకుండా ఒక మూల నా తాళాలు, ఇంకో మూల ఆయన కళ్లజోడు పెట్టె పెట్టి, వేలితో నా ప్లాటు చూపించాడు. నాలుగు వైపులా నాలుగు నంబర్లు. మూడు మనుషులవి, ఒకటి నాళ, అంటే కాలువ. రస్తా ఏదండీ అంటే ఆయన తలెత్తకుండానే "నక్షారె నాహిఁ" (మ్యాపులో లేదు) అన్నాడు.

జరిగింది ఇది. నాకు అమ్మినాయనకి ఒక అన్న, ఆ అన్నగారి ప్లాటు పక్కనే. అన్న బతికున్నప్పుడు మాట మీద దారి వదిలాడు, తమ్ముడు దాని మీద మొరం పోసి ప్లాట్లు అమ్ముకున్నాడు, అన్న పోయాక కొడుకులు వాళ్ల భూమి వాళ్లు అడిగారు. వాళ్ల తప్పేం లేదు. దస్తావేజు రాసేవాడు హద్దులు నక్షా చూసి రాయడు, మనం చెప్పింది, బ్రోకరు చెప్పింది రాస్తాడు. అవతలివాడి సంతకం లేని కాగితంలో మనం రోడ్డని రాసుకున్నంత మాత్రాన అవతలివాడి పొలం రోడ్డయిపోదు. ఈసీలో కూడా ఇది కనపడదు, ఎందుకంటే ఈసీ మీ ప్లాటు గురించి చెప్తుంది, మీ ప్లాటు ముందున్న దాని గురించి కాదు. అందుకే తెలివైనవాళ్లు కూడా ఇందులో పడతారు, కళ్ల ముందు అంత చక్కటి రోడ్డు కనిపిస్తుంటే కాగితం ఎవడు అడుగుతాడు.

ఎలా పట్టుకోవాలంటే, భూమి మ్యాపులు చూపించే భూనక్షా సైటులో జిల్లా, తహసీలు, ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్, ఊరు, షీటు ఎంచుకుని మీ ప్లాటు నొక్కండి. చుట్టూ ఉన్న నంబర్లు రాసుకోండి. అక్కడితో ఆపకండి, మీ గేటు పెడదాం అనుకున్న చోటు నుంచి తారురోడ్డు దాకా కాళ్లతో నడుస్తూ కాలు ఏయే ప్లాటు మీద పడుతుందో ఒక్కోటీ రాసుకోండి. ఇప్పుడు భూలేఖ్‌కి వెళ్లి ఆ నంబర్లన్నిటి పట్టాలు తియ్యండి, కిసం దగ్గర రస్తా అని, ఖాతా ప్రభుత్వానిది అని ఉందా చూడండి. అయిదు నంబర్లలో నాలుగు రస్తా అయి ఒక్కటి ఎవరిదో పేరు మీద ఉన్నా సరే, మీకు రోడ్డు లేనట్టే. ఆ ఒక్కటీ నాళ అని గానీ గోచర్ (పశువుల మేత భూమి) అని గానీ ఉంటే ప్రభుత్వ భూమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, నాళ మీద బండలు పరిచి రోడ్డు చేసేసినవి ఊళ్లో బోలెడు, ఎప్పుడు తీయించినా అడిగే హక్కు మనకి లేదు.

సన్నటి దారి అయితే సైటులో చూసి తేల్చుకోకండి, అమీన్‌తో నేల మీద కొలిపించాల్సిందే. షీటు మీద స్కేలు చూడండి, మైలుకి 16 అంగుళాలు అని ఉంటే నక్షా మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 13 అడుగులు. పెన్సిల్ గీత లావులోనే మీ కారు తిరిగే జాగా పోతుంది. అమీన్ గొలుసు వేసేటప్పుడు ఎక్కడి నుంచి మొదలెడుతున్నాడో చూడండి, పాత సరిహద్దు రాయి నుంచో నక్షాలో గుర్తున్న చోటు నుంచో మొదలెట్టాలి. పక్కింటి ప్రహరీ నుంచి మొదలెడితే ఆ ప్రహరీ కట్టినవాడి తప్పే మీకు అంటుకుంటుంది.

కొనకముందు తెలిస్తే మందు తేలికే. దారి ముక్క కూడా అమ్మేవాడిదే అయితే దాని ప్లాటు నంబరు, వెడల్పు ఎన్ని అడుగులు, పొడవు ఎన్ని అడుగులు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని అదే దస్తావేజులో దారి హక్కుగా రాయించి స్కెచ్ అతికించండి. వేరేవాళ్లదైతే ఆ ఖాతాలో ఉన్న ప్రతి పేరూ వచ్చి సంతకం పెట్టాలి, పెద్దన్న ఒప్పుకున్నాడు చాలు అనేది చాలదు. పెట్టనంటే స్థలం వదిలెయ్యండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. 2025 జనవరిలో రైల్వే డివిజన్ బిల్డింగుకి శంకుస్థాపన అయినకాడి నుంచి ప్రతి బ్రోకరూ "వచ్చే నెలకి డబుల్" అంటున్నాడు, ఆ తొందరలో పడకండి.

కొన్నాక తెలిస్తే మాత్రం జేబులోంచి పోవాల్సిందే. నేను చేసింది చెప్తా. ఆ దారి మీద ఆధారపడ్డ మేం నలుగురం ఉన్నాం, ఒక్కొక్కర్నీ ఇంటికెళ్లి కూర్చోబెట్టి ఒప్పించి, ఆ కుర్రాళ్ల దగ్గర 3 డిసిమిల్లు కొన్నాం, 20 అడుగుల వెడల్పు మీద 65 అడుగుల పొడవు వస్తుంది. నలుగురి పేర్ల మీదా ఉమ్మడిగా రిజిస్ట్రేషన్, వెంటనే దాఖల్ ఖారిజ్, అంటే రికార్డులో పేరు మార్పు. ఇంటి స్థలం రేటే ఇచ్చాం, బేరమాడే ముఖం ఎక్కడిది, అవసరం మాది. మాలో ఒకాయన "నేను ఇప్పట్లో ఇల్లు కట్టను, నాకెందుకు" అని ఆరు నెలలు నాన్చాడు, నాన్చిన ఆరు నెలల్లో రేటు ఇంకొంచెం పెరిగింది, ఆ తేడా మటుకు మేం ఆయన దగ్గరే వసూలు చేశాం. వీలైతే ఆ ముక్కని రోడ్డు కింద మున్సిపాలిటీకో పంచాయతీకో రాసిచ్చేసెయ్యడం ఇంకా మంచిది, లేకపోతే రేపు మన పిల్లలే అక్కడ రాళ్లు పాతుకుంటారు.

కోర్టుకి వెళ్తే అవసరపు దారి హక్కు వస్తుందంటారు లాయర్లు. అమ్మినవాడి సొంత భూమి గుండా తప్ప వేరే దారే లేకపోతే అందులో న్యాయం ఉంది, కాదనను. కానీ వాయిదాలు తిరిగేలోపు మీరు అద్దె ఇంట్లోనే ఉంటారు, ఆ అద్దె కూడా లెక్కేసుకోండి.

మిగతావి

ఖాతాలో నాలుగు పేర్లుండి ఒక్కడే అమ్ముతున్నాడంటే మిగతా ముగ్గురినీ రప్పించండి, చనిపోయినవాళ్ల ఆడపిల్లల్ని మర్చిపోకండి. దొంగ దస్తావేజు, ఒకే స్థలం ఇద్దరికి అమ్మడం లాంటివి జరగవని కాదు, ఈసీ ఎలాగూ తీస్తారు కాబట్టి చాలామటుకు అందులో దొరికిపోతాయి. వాస్తు గురించి అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, మా ఇంటి సింహద్వారం రోడ్డు ఎటు దొరికితే అటే పెట్టాను.