సీరియల్ సెట్టు ఆరిపోయిందా? ముందు రోడ్డు మీదికొచ్చి చూడండి

గుణదలలో మా ఇంటికి క్రిస్మస్‌కి కట్టిన లైట్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు అయ్యాకే దిగుతాయి. అన్నాళ్ళూ మంచు, ఎండ, ఉడతలు అన్నీ వాటి మీదే. మధ్యలో సెట్టు ఆరిపోవడం మామూలే. ఆరగానే మా వారు నిచ్చెన వేసుకుని బల్బులు ఒక్కోటీ నొక్కుతూ కూర్చుంటారు. ఆ పని ఆఖర్న. ముందు ఎంత మేర ఆరిందో దూరం నుంచి చూడాలి.

మొత్తం ఆరిపోతే బల్బుల జోలికే వెళ్ళొద్దు. అదే ప్లగ్గులో సెల్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే సెట్టు ప్లగ్గు వదులుగా ఉందేమో చూసి, వేరే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. ఆ పల్చటి రెండు పిన్నులు ఎక్కడా సరిగ్గా కూర్చోవు. అయినా వెలగకపోతే, బటన్ ఉండే కంట్రోలర్ డబ్బా మీద అనుమానపడండి. ప్లగ్గు పీకి, డబ్బా విప్పితే వైర్ల మొదట్లో పచ్చగా చిలుం కనిపిస్తుంది. పాత టూత్ బ్రష్షుతో గీకి ఒక పూట ఎండలో పెడితే కొన్ని బాగవుతాయి. మళ్ళీ కట్టేటప్పుడు సన్‌షేడ్ కింద వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరు చుట్టి బిగిస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాల్సిందే. స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ వైరు మీద కాక, తిరుగు దారైన న్యూట్రల్ వైరు మీద ఉంటే, ఆపినా సెట్టులో కరెంటు ఉంటుంది. ఆపాక కూడా బల్బులు సన్నగా మినుకుమంటున్నాయంటే నేనైతే దాన్నే అనుమానిస్తాను. అక్కడున్నది 230 వోల్టులు.

ఒక ముక్క మాత్రమే ఆరితే పని ఆ ముక్కలోనే. ఒక్కో ఎల్ఈడీకి రెండు మూడు వోల్టులే కావాలి కాబట్టి చాలా బల్బుల్ని ఒకే వరసలో కలుపుతారు. ఒకటి తెగితే ఆ వరసంతా చీకటే. ప్లగ్గు పీకేసి, ఆరిన మొదటి బల్బు నుంచి ఒక్కోదాన్నీ మెల్లగా లాగి చూడండి. తుప్పు పట్టిన కాలు చేతికి ఊడొచ్చేస్తుంది. ఉడత కొరికిన చోటైతే రాగి బయటపడి కనిపిస్తుంది.

పాత సెట్టులోంచి అదే రంగు బల్బు కోసి వేయండి. ఎరుపుకీ నీలానికీ వోల్టేజీ తేడా ఉంటుంది. బల్బు లోపల పెద్ద రేకు ఎటుందో పాతదాన్ని చూసి, కొత్తదీ అటే పెట్టాలి. తిరగేస్తే వరసంతా వెలగదు. బల్బు లేకుండా వైర్లు కలిపేసే చిట్కా ఒకసారికి నడుస్తుంది కానీ, అలా నాలుగు తీసేస్తే మిగతావాటి మీద వోల్టేజీ పెరిగి అవీ మాడిపోతాయి. అతుకులు రెండూ పక్కపక్కన పడనీయకండి. మన బెజవాడ ఎండకి ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోతుంది. వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగడం మేలు.

రోప్ లైటుదైతే ఇంత తంటా లేదు. ఆరిన ముక్కని కత్తెర గుర్తుల దగ్గర కోసి కనెక్టర్ వేయించండి.

వాన పడినప్పుడు బ్రేకర్ పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ ఎత్తకండి. సెట్టు పీకేసి ఒకసారి ఎత్తండి. నిలబడితే తేడా సెట్టులో, అప్పుడూ పడిపోతే ఇంటి వైరింగ్‌లో. రెండోదైతే ఎలక్ట్రీషియన్ని పిలవండి.