హ్యాండ్‌రెయిల్ మళ్లీ కుళ్లిందా? టేకును తిట్టే ముందు తిరగేసి చూడండి

హ్యాండ్‌రెయిల్ అంటే పడవ మీద నడిచేటప్పుడు పట్టుకునే కర్ర పట్టీ, కింద కాళ్లతో డెక్‌కు బిగించి ఉంటుంది. హుస్సేన్‌సాగర్‌లో పందేలకు తిరిగే లేజర్లు, పిల్లల ఆప్టిమిస్టులు లాంటి చిన్న తెరచాప పడవలకు ఈ గొడవ లేదు. వాటికి హ్యాండ్‌రెయిలే ఉండదు. కేబిన్ ఉన్న తెరచాప పడవలకే ఈ తలనొప్పి. పడవేమో వైజాగ్‌లోనో గోవాలోనో ఉంటుంది, ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. అందుకని ముషీరాబాద్‌లో కర్ర కొని, ఇంటి తలుపులు చేసిన మేస్త్రీతోనే రెయిళ్లు కోయించి లారీకి వేస్తాడు. రెండో వానాకాలానికి ఫోన్ వస్తుంది: "అన్నా, టేకే వేశాం కదా, మళ్లీ పోయింది. ఈసారి ఏ కర్ర వేద్దాం?"

ఏ కర్ర అనేది తర్వాత. ముందు పాత రెయిల్ విప్పి తిరగేయండి. డెక్‌కు ఆనే కాళ్ల అడుగు భాగాన్ని ఆరతో పొడిచి చూడండి. ఐదు నిమిషాల పని, కానీ ఎవరూ చేయరు. పైనుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. రెయిల్ కుళ్లడం మొదలయ్యేది కింద నుంచి, ఫోటోలో అది కనిపించదు.

పాలిష్ పొరలుగా లేచిపోతోంది

ఇది కర్ర తప్పు కాదు. ఇంట్లో సోఫాకు కొట్టే మెలమైన్ ఎండలో నిలవదు. మొత్తం గీకేసి, ఎండను తట్టుకునే పడవ వార్నిష్‌ను పల్చగా ఎక్కువ కోట్లు వేయండి. లేదా ఏమీ వేయకుండా వదిలేయండి. చేవ ఉన్న టేకు దానంతట అదే వెండి రంగుకు తిరుగుతుంది, కర్రకు నష్టం లేదు. నన్నడిగితే వదిలేయడమే మేలు. అరచేతికి పట్టు కూడా బాగుంటుంది.

స్క్రూల చుట్టూ నల్ల మచ్చలు

ఇనుము, తడి, కర్రలోని టానిన్ కలిస్తే నలుపు వస్తుంది. జీఐ, అంటే జింక్ పూత వేసిన ఇనుప స్క్రూలు వాడారేమో చూడండి. స్టీల్ ఊల్‌తో రుద్దినా ఇదే జరుగుతుంది, దాని ముక్కలు కర్రలో చిక్కుకుని తుప్పు పడతాయి. మచ్చలకు ఆగ్జాలిక్ యాసిడ్ పూసి బాగా కడగండి, చేతికి గ్లవ్స్ మర్చిపోవద్దు. రాణిగంజ్‌లో బోల్టులు కొనేటప్పుడు "స్టెయిన్‌లెస్" అంటే సరిపోదు, 316 గ్రేడు అని అడగండి. బోల్టు తల మీద ఏ4 అని ఉంటే అదే. ఉప్పుగాలికి 304 గ్రేడు స్టెయిన్‌లెస్ కూడా తుప్పు మరకలు పెడుతుంది. ఇత్తడి వద్దు.

పైన కొత్తగానే ఉంది, కాళ్లు మాత్రం మెత్తబడ్డాయి

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. అందరూ ముందు డెక్ లీకేజీని అనుమానిస్తారు, తర్వాత "ఇది టేకే కాదు, మోసం చేశారు" అంటారు. చాలాసార్లు అది నిజంగా టేకే. కాకపోతే చేవ కాదు, తెల్ల.

చెట్టు నడిమి భాగం చేవ, బెరడు పక్కన ఉండే లేత పసుపు పట్టీ తెల్ల. టేకుకు ఉన్న పేరంతా చేవదే. తెల్ల భాగం తడిలో మామిడి చెక్క కంటే పెద్దగా మెరుగు కాదు. తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టిన చెట్లలో ఈ పట్టీ వెడల్పుగా ఉంటుంది. డిపోలో "బర్మా టేకు" అన్న మాట విని మురిసిపోవద్దు. మయన్మార్ 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో చూపించే దుంగ ఘానాదో ఈక్వడార్‌దో కావచ్చు. ఏ దేశానిదైనా ఫర్వాలేదు, చేవ ఎంత ఉందన్నదే లెక్క.

అసలు మెలిక కోతలో ఉంది. మన మేస్త్రీలకు తలుపు గుమ్మాల అలవాటు. తెల్ల అంచును గోడ వైపు తిప్పి, ఎర్రటి ముఖాన్ని బయటికి పెడతారు. గుమ్మానికి అది తెలివైన పనే. అదే చేత్తో పలకను నిలువునా చీల్చి, ఒక్కో ముక్కలో మంచి అంచును పైకి, తెల్ల అంచును కిందికి పెట్టి కాళ్లు కోస్తారు. రెయిల్‌లో అందరికంటే ఎక్కువసేపు తడి నిలిచే చోటు ఆ కిందే. పైగా బోల్టు రంధ్రం దాన్ని చీల్చుకుంటూ వెళ్తుంది. పైన రంగు కలిపిన పాలిష్ ఒక చెయ్యి కొడితే తెల్ల ఎక్కడ ఆగిందో మీకు తెలియదు. నీళ్లకు మాత్రం తెలుస్తుంది.

డిపోలో పలక కొస చూడండి. కొస దుమ్ముపట్టి ఉంటే అంగుళం కోయమనండి, కాదంటే వేరే డిపోకు వెళ్లండి. రంగు పైపూతేనా అనే అనుమానం ఉంటే ఒక మూల చిత్రిక పట్టించండి. చేవైతే లోపలా అదే గోధుమ రంగు, వేలికి కాస్త జిడ్డు తగులుతుంది. "పురుగు పట్టకుండా ట్రీట్ చేశామండీ" అంటే తల ఊపి ఊరుకోండి. ఆ మందు సాధారణంగా బోరాన్, వానకు కడుక్కుపోతుంది. ఇంటి అల్మరాకు సరే, డెక్ మీద పనికిరాదు.

కోత ఇలా చెప్పండి: రెండు రెయిళ్లు పట్టేంత వెడల్పు పలక తీసుకుని, మధ్య గీత మీద రంధ్రాలు వేసి, ఆ రంధ్రాలను కలుపుతూ చీల్చాలి. అద్దంలో బొమ్మల్లా రెండు రెయిళ్లు వస్తాయి. పలక నడిమి చేవ కాళ్ల అడుగవుతుంది. ఎక్కడైనా తెల్ల మిగిలితే అది పై అంచునే ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, చిత్రికతో పోతుంది. పలక మధ్యలో చెట్టు నట్టనడిమి మెత్తటి గుజ్జు గీత ఉంటే మాత్రం ఆ పలక వద్దు, అక్కడే పగులుతుంది.

బిగించేటప్పుడు డెక్‌లో రంధ్రం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ నింపి, ఆరాక మళ్లీ తొలవండి. బోల్టు డెక్ దాటి కిందికి రావాలి, లోపల వెడల్పాటి ప్లేటు ఉండాలి. మనిషి తూలి మొత్తం బరువు వేసేది ఈ రెయిల్ మీదే. కాళ్ల కింద పాలీసల్ఫైడ్ సీలెంట్ చాలు. జన్మలో ఊడని జిగురు వద్దు, రేపు విప్పేది మీరే.

కాలి దగ్గర విరిగింది

కర్రలో గీతలు రెయిల్ పొడవునా సాగకుండా ఏటవాలుగా బయటికి పోతున్నాయి. అడుగు పొడవుకు అంగుళం కంటే ఎక్కువ వాలితే ఆ పలక తీసుకోవద్దు. ముడి ఉన్నదీ వద్దు.

మెలి తిరిగింది

పచ్చి కర్ర. మేలో హైదరాబాద్ ఎండకు పైన ఆరినట్టు ఉంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. తేమ మీటరు పెట్టి చూడండి, పన్నెండు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే కోయించండి.

సరే, ఏ కర్ర?

చేవ టేకు దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు. పాతబస్తీలో పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు నాకు అన్నిటికంటే ఇష్టం. ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి, ఎక్కువ భాగం చేవే. మేకులు ఏరకుండా మిల్లుకు పంపితే మాత్రం రంపం వాడు మిమ్మల్ని వదలడు. "ఆఫ్రికన్ టేకు" పేరుతో వచ్చే ఇరోకో టేకు కాదు, అయినా బయట బాగానే నిలుస్తుంది. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఆ పొట్టు గొంతుకూ చర్మానికీ పడదు. నల్లమద్ది గట్టిదే, కానీ పగుళ్లు తీస్తుంది. రబ్బర్‌వుడ్ గురించి అడగకండి.

చెద వల్ల రెయిల్ పోవడం చాలా అరుదు. ఓడ అడుగును తొలిచే సముద్రపు పురుగు నీళ్లలో మునిగి ఉన్న కర్రనే తింటుంది, ఇంత ఎత్తుకు రాదు. రెయిల్ విప్పాక డెక్‌ను నాణెంతో తట్టినప్పుడు మొద్దుగా మోగితే నీళ్లు డెక్ లోపలికి చేరాయన్నమాట. అప్పుడు కర్ర కొనడం ఆపి, ఫైబర్‌గ్లాస్ పనివాణ్ని పిలవండి.