ఆఫీసు కంప్యూటర్‌లోని మెయిల్ ఫోన్‌లోనూ కనపడాలంటే ఎలా చేయాలి?

చీమకుర్తి క్వారీ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు: "సార్, బయ్యర్ సైజుల లిస్టు పంపాడంటున్నారు, నా ఫోన్‌లో రాలేదు." ఒంగోలు ఆఫీసు కంప్యూటర్‌లో చూస్తే అదే మెయిల్ ఎదురుగా ఉంటుంది. ఐడీ ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో ఇలా ఒక లిస్టు అందకపోతే బ్లాకు తప్పు సైజులో కోసేస్తారు. ఇది ఫోన్ తప్పు కాదు, మెయిల్ తెచ్చుకునే పద్ధతిలో ఉంది తేడా.

మెయిల్ మొదట చేరేది సర్వర్‌కి, అంటే మెయిల్ సంస్థ కంప్యూటర్‌కి. అక్కడి నుంచి తెచ్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. పాప్3 మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకుంటుంది, 'సర్వర్‌లో కాపీ ఉంచు' అని టిక్ పెట్టకపోతే అక్కడ తీసేస్తుంది కూడా. ఐమ్యాప్‌లో అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. కంప్యూటర్, ఫోన్ రెండూ దాన్నే చూపిస్తాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: పాప్‌తో మీరు పంపిన జవాబులు మామూలుగా ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. రేటు ఎంత కోట్ చేశారో క్వారీలో ఉన్నవాళ్లకి కనపడదు.

ముందు మీది ఏదో చూడండి. కంప్యూటర్‌లో మెయిల్ చూసే ప్రోగ్రాము థండర్‌బర్డ్ అయితే, దాంట్లో అకౌంట్ సెట్టింగ్స్, అందులో సర్వర్ సెట్టింగ్స్ తెరిస్తే పోర్ట్ నంబరు ఉంటుంది. సర్వర్ ఒక్కో పనిని ఒక్కో పోర్ట్ నంబరు దగ్గర చేస్తుంది. 110 గానీ 995 గానీ ఉంటే పాప్. 143 గానీ 993 గానీ ఉంటే ఐమ్యాప్.

పాప్ అయితే అకౌంట్ తీసేయకండి, పాత మెయిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. మొదట 'సర్వర్‌లో కాపీ ఉంచు' టిక్ పెట్టి, కొత్త మెయిల్‌ను తనంతట తాను తెచ్చుకునే టిక్కులన్నీ తీసేయండి. లేకపోతే ఒకపక్క మీరు సర్దుతుంటే ఇంకోపక్క అది లాగేస్తూనే ఉంటుంది. థండర్‌బర్డ్‌లో పాప్ అకౌంట్‌ను ఐమ్యాప్‌గా మార్చడం కుదరదు కాబట్టి అదే ఐడీతో కొత్త అకౌంట్ కలపండి. పద్ధతి ఐమ్యాప్, పోర్ట్ 993, సెక్యూరిటీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, అంటే దారిలో ఎవరూ చదవకుండా కనెక్షన్‌కి వేసే తాళం. మెయిల్ పంపే పద్ధతి వేరు, దాని పేరు ఎస్ఎంటీపీ. దానికి పోర్ట్ 465 గానీ 587 గానీ.

143 కూడా పనిచేస్తుంది కదా అని వదిలేయకండి. అక్కడ కనెక్షన్ మామూలుగా మొదలై తర్వాత తాళం పడుతుంది, సెట్టింగ్ తప్పితే పాస్‌వర్డ్ బయటికే వెళ్లిపోవచ్చు. 993లో మొదటి అక్షరం నుంచే తాళం ఉంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ 2018లో 993, 995లనే వాడమని చెప్పింది.

జీమెయిల్‌కైతే థండర్‌బర్డ్ గూగుల్ లాగిన్ పేజీ చూపిస్తుంది, అక్కడే అనుమతి ఇవ్వండి. పాత ప్రోగ్రాములకు మామూలు పాస్‌వర్డ్ చెల్లదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఫోన్‌లోనూ ఐమ్యాపే ఎంచుకోండి.

ఇక పాత మెయిళ్లు. పాప్ ఇన్‌బాక్స్‌లో కొన్ని కొన్నిగా సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో కొత్త అకౌంట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అవి సర్వర్‌కి ఎక్కాక ఫోన్‌లో కనపడతాయి. పంపినవాటినీ ఇలాగే చేయండి. జీమెయిల్ ఉచిత జాగా 15 జీబీ, ఫోటోలూ డ్రైవూ అందులోనే. మీ సర్వర్‌లో జాగా మరీ తక్కువైతే పాప్‌లోనే ఉండి, కొన్ని రోజుల తర్వాతే సర్వర్‌లో తీసేసేలా పెట్టుకోవడం మేలు. ఐమ్యాప్‌లో ఫోన్‌లో డిలీట్ చేసింది ఆఫీసులోనూ పోతుంది, స్టాఫ్‌కి ముందే చెప్పండి.

కనెక్ట్ కాకపోతే కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. అప్పుడు మెయిల్ వస్తే ఆఫీసు నెట్‌వర్క్‌లో 993 మూసి ఉండొచ్చు. నెట్ పెట్టినతన్ని పిలిచి ఆ పోర్ట్ తెరవమనండి.