పాత ట్రాక్టర్‌లో డీజిల్ ఫిల్టర్ కారుతుంటే

పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఇంజిన్ పక్కన రెండు డీజిల్ ఫిల్టర్లు జంటగా వేలాడుతుంటాయి. అక్కడ డీజిల్ చెమ్మ కనబడగానే పానా తీసి బోల్టును ఇంకో చుట్టు బిగించడం అందరికీ అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. పైనున్న ఫిల్టర్ హెడ్డు సాధారణంగా అల్యూమినియంతో చేసినది. బలంగా బిగిస్తే లోపలి మర పోతుంది, లేదా హెడ్డు చిట్లుతుంది. వాషరుతో తీరే పని హెడ్డు మార్చేదాకా వస్తుంది.

సమస్య: ఫిల్టర్ గిన్నె (హెడ్డు కింద ఉండే భాగం) అడుగున డీజిల్ బొట్లు

బొట్టు అడుగున ఉన్నంత మాత్రాన లీకు అక్కడే ఉందనుకోవద్దు. డీజిల్ పైనుంచి పాకుతూ దిగి అడుగున చేరుతుంది. ఇంజిన్ చల్లారాక ఫిల్టర్లను గుడ్డతో పొడిగా తుడిచి, అతుకులన్నిటి మీదా సుద్దపొడి చల్లండి. ట్యాంకు కాక్ (డీజిల్ కుళాయి) తెరిచి, ట్యాంకు నుంచి ఫిల్టర్లకు డీజిల్ పంపే ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే ప్లంజర్‌ను కాసేపు కొట్టండి. పొడి ముందుగా ఎక్కడ తడిసి నల్లబడితే లీకు అక్కడ.

గిన్నెకూ హెడ్డుకూ మధ్య తడిస్తే కారణం రబ్బరు రింగు. ముఖ్యంగా ఫిల్టర్ మార్చిన వెంటనే లీకు మొదలైతే, పాత రింగు హెడ్డు గాడిలోనే అతుక్కుపోయి ఉండగా దాని మీదే కొత్తది వేసి ఉంటారు. పాతది నల్లగా గట్టిపడి గాడిలో భాగంలాగే కనిపిస్తుంది, చూపుకు అందదు. గోటితో గీకి చూడండి. స్క్రూడ్రైవరు పెడితే గాడికి గీత పడుతుంది కాబట్టి సన్నని వెదురు పుల్లతో లేపండి. గాడి తుడిచి, కొత్త రింగుకు డీజిల్ రాసి, మెలి పడకుండా కూర్చోబెట్టి, బోల్టును మామూలు బిగువుతో బిగించండి.

పైపు చివర బాంజో బోల్టు (లోపలి రంధ్రం గుండా డీజిల్ పారే బోల్టు) దగ్గర తడిస్తే దానికి అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు చూడండి. ఒకసారి నలిగినవి గట్టిపడి మళ్లీ సరిగా కూర్చోవు. రెండూ మార్చండి. కొత్తవి దొరకకపోతే, డీజిల్‌కు దూరంగా, పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లార్చండి. రాగి మెత్తబడి ఒకసారికి పనికొస్తుంది. మరలకు టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టవద్దు. దాని తునకలు ఇంజెక్షన్ పంపులోకి పోతే నష్టం ఎంతో పెద్దది.

ఎయిర్ తీసే స్క్రూ దగ్గరైతే దాని వాషరు మార్చండి. హెడ్డే చిట్లితే పూతలు పూసి లాభం లేదు, మార్చాల్సిందే.

సమస్య: బొట్టు లేదు, కానీ ఇంజిన్ ఆగిపోతోంది

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న భాగంలో సందు ఉంటే, డీజిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోవచ్చు. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉన్నప్పుడే ఇబ్బంది పెడుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. పైపు పగుళ్లు, క్లిప్పులు, కాక్ వరుసగా చూడండి.

పని అయ్యాక ఎయిర్ తీయడం

మొదటి ఫిల్టర్ స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు లేని డీజిల్ ధార వచ్చేదాకా ప్లంజర్ కొట్టి, ధార వస్తుండగానే బిగించండి. తరువాత రెండో ఫిల్టర్, ఆపైన ఇంజెక్షన్ పంపు. అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టరు పైపు నట్లు వదులు చేసి ఇంజిన్ తిప్పాలి. అప్పుడు చేయి, ముఖం దూరంగా ఉంచండి. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు.

కారిన డీజిల్‌ను రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు మీద నుంచి తుడిచేయండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. వేడి సైలెన్సర్ మీద పడితే నిప్పు అంటుకోవచ్చు. చివరగా ఇంజిన్‌ను అరగంట నడిపి, అతుకులను మళ్లీ పొడి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు తడి అంటితే, బాంజో కూర్చునే ముఖం మీద గీత ఉందేమో వేలితో తడిమి చూడాలి.